పరీక్ష రాసినా ఆబ్సెంట్: ఆన్‌లైన్ కోర్సు క్రెడిట్లతో నా అనుభవం

కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పించే స్వయం పోర్టల్‌లో కోర్సుకు చేరాలంటే ఒక ఈమెయిల్ ఉంటే చాలు. డబ్బులు అడగరు, వయసు పరిమితి లేదు, ముందు ఇంత చదివి ఉండాలని కూడా లేదు. పర్లాకిమిడిలో మా మేడ మీద కూర్చుని ఐఐటీ మాస్టారి పాఠం వినొచ్చు. చిక్కంతా ఆ పాఠానికి వచ్చిన మార్కుల్ని మన డిగ్రీ మార్క్‌షీట్‌లోకి ఎక్కించే దగ్గరే. ఆ పని మొదటి నుంచి చివరి దాకా చేసి బయటపడ్డాను. గుణుపురం, రాయగడ, బరంపురం వైపు నుంచి మన పిల్లలు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతుంటే, అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాస్తే మేలనిపించింది.

నాది ప్లస్ త్రీ కామర్స్, ఒడిశాలో డిగ్రీని అలాగే అంటారు. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఒడియా, పుస్తకం ఇంగ్లిషు. ఒడిశా సరిహద్దులో పుట్టిన వాళ్ళకి ఇది కొత్తేం కాదు. కాలేజీ పేరు చెప్పను. అక్కడి వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, వాళ్ళకీ ఇది కొత్తే. మూడో సెమిస్టర్‌లో మల్టీడిసిప్లినరీ అని మన సబ్జెక్టుకి బయట ఒక పేపర్ తీసుకోవాలి, 3 క్రెడిట్లు. క్రెడిట్ అంటే డిగ్రీలో ఆ పేపర్‌కి ఉండే బరువు. మాకు ఇచ్చిన రెండు పేపర్లలో ఒకదానికి లెక్చరర్ లేరు. రెండోదాని మీద నాకు ఆసక్తి లేదు. అప్పుడే ఒక మేడమ్, "స్వయంలో చెయ్యి, రూల్ ఉంది" అన్నారు.

రూల్ నిజంగానే ఉంది. 2016లో కాలేజీ చదువుల్ని చూసే యూజీసీ ఒక సెమిస్టర్‌లో 20 శాతం వరకు కోర్సులు స్వయంలో చేసుకోవచ్చని నిబంధన తెచ్చింది. 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. అంటే అయిదు పేపర్లుంటే రెండు బయట చదువుకోవచ్చన్నమాట. అయితే ఏ కోర్సు పడితే అది కాదు. ఏ కోర్సుని ఏ పేపర్‌కి బదులుగా ఒప్పుకుంటారో కాలేజీ నిర్ణయించాలి, అదీ ముందుగా. నాకు తెలిసి అందరూ జారిపడేది ఇక్కడే. కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్ పట్టుకుని వెళ్తే, "మంచిదమ్మా, రెజ్యూమేలో పెట్టుకో" అంటారు. అనుమతి కాగితం ఉంటేనే అది పేపర్ అవుతుంది, లేకపోతే గోడకి కట్టుకునే పటం.

ఇంకో సంగతి క్రెడిట్ల కొలత. స్వయంలో ఐఐటీల వాళ్ళు నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సుల్లో 4 వారాలది 1 క్రెడిట్, 8 వారాలది 2, 12 వారాలది 3. మా కామర్స్ కోర్ పేపర్లు, అంటే మెయిన్ సబ్జెక్టువి, ఒక్కొక్కటి 4 క్రెడిట్లు. 12 వారాల కోర్సు చేసి కోర్ పేపర్‌కి బదులు పెట్టమంటే ఒక క్రెడిట్ తక్కువ పడుతుంది. మల్టీడిసిప్లినరీ పేపర్ 3 క్రెడిట్లది కాబట్టి నాకు సరిగ్గా సరిపోయింది. మా క్లాసులో ఒకతను కోర్ పేపర్‌కే కావాలని పట్టుబట్టాడు. కాలేజీ ఒప్పుకోలేదు. ఆ ఒక్క విషయంలో నేను కాలేజీ వైపే.

డేటా అనాలిసిస్ మొదటి మెట్లు నేర్పే 12 వారాల కోర్సు ఎంచుకున్నాను. మా నాన్నకి కిరాణా కొట్టు ఉంది, సరుకు లెక్కలకి పనికొస్తుందని ఆశ. నాన్న మాత్రం, "ఇంట్లో కూకుని చదివితే మార్కులు ఎవులేస్తారమ్మా?" అన్నాడు. చాలా సరైన ప్రశ్న. జవాబు చెప్పడానికి నాకు ఆ సెమిస్టర్ మొత్తం పట్టింది.

మొదటి టెన్షన్ తేదీలు. జులై సెషన్ కోర్సులు జులై మూడో వారం ప్రాంతంలో మొదలవుతాయి. చేరడానికి గడువు ఆ తర్వాత కొద్ది రోజులే. మా కాలేజీలో అప్పటికి రీఅడ్మిషన్ కూడా పూర్తి కాదు. ఏ కోర్సులు ఒప్పుకుంటామో చెప్పే నోటీసు ఆగస్టులో గానీ రాదు. నోటీసు కోసం ఆగితే పోర్టల్ మూసేస్తారు, పోర్టల్‌లో చేరిపోతే నోటీసులో ఆ కోర్సు ఉంటుందో ఉండదో తెలీదు. నేను ముందు చేరిపోయాను. చేరడం ఉచితం, నచ్చకపోతే మానేయొచ్చు, మానేసినా ఏ మార్క్‌షీట్ మీదా మచ్చ పడదు. ఆ ధైర్యంతోనే. చేరిన రోజే ప్రిన్సిపాల్‌గారి పేరున ఒక అర్జీ రాసి, కోర్సు పేరు, కోర్సు కోడ్, ఎన్ని వారాలు, ఎన్ని క్రెడిట్లు, ఏ పేపర్‌కి బదులు అన్నీ వేసి, సిలబస్ పేజీ ప్రింటు జతచేసి, ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. ఆ ముద్ర ఉన్న కాగితమే తర్వాత నన్ను కాపాడింది. ఈ వ్యాసంలో ఇంకేం గుర్తు లేకపోయినా పరవాలేదు, ముద్ర మాత్రం వేయించుకోండి.

ఎన్‌పీటీఈఎల్‌తో కలిసి పనిచేసే కాలేజీల్ని లోకల్ చాప్టర్ అంటారు. అక్కడ ఈ పని చూసే ఒక టీచర్ ఉంటారు. మీ కాలేజీ లోకల్ చాప్టర్ అవునో కాదో ముందు కనుక్కోండి. లోకల్ చాప్టరే అయితే, చేరేటప్పుడు జాబితాలో కాలేజీ పేరు ఎంచుకోవాలి, రోల్ నంబరు వేయాలి. మీరు కోర్సులో ఎంతవరకు వచ్చారో, అసైన్‌మెంట్లు ఇస్తున్నారో లేదో అక్కడి టీచర్‌కి తెలుస్తుంది.

కోర్సులో చేరడం వేరు, పరీక్షకి నమోదు కావడం వేరు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. కోర్సు మొదలైన కొన్ని వారాలకి పరీక్ష ఫారం తెరుస్తారు. అప్పుడే ఫోటో, సంతకం, ఊరి ఎంపిక, ఫీజు. నేను కట్టినప్పుడు వెయ్యి రూపాయలు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి, వికలాంగులకి అందులో సగం. కట్టాక తిరిగి ఇవ్వరు. ఆ ఫారంలో రాసిన పేరే సర్టిఫికెట్ మీద పడుతుంది, తర్వాత మార్చరు.

పేరు దగ్గర మన వాళ్ళకి ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. ఇంట్లో ఇంటిపేరు ముందు రాస్తాం. ఒడియా బడిలో చేర్చినప్పుడు ఇంటిపేరు చివర్లో పెడతారు. ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, అదీ ఒక్కోసారి చుక్కతో, ఒక్కోసారి చుక్క లేకుండా. నా టెన్త్ సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంది. క్రెడిట్లు చేరేది అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లోకి. అది 2021లో వచ్చింది, అందరూ ఏబీసీ అంటారు. డిజీలాకర్‌లో ఆధార్ ఆధారంగా 12 అంకెల ఐడీ ఇస్తారు. కాలేజీ రికార్డు పేరు, ఆధార్ పేరు, స్వయం పేరు ఒక్కటి కాకపోతే క్రెడిట్లు ఎవరి ఖాతాలోకి వెళ్ళాలో యంత్రానికి ఎలా తెలుస్తుంది? పరీక్ష ఫారం తెరిచే లోపే ఆధార్ సెంటర్‌కి వెళ్ళి, టెన్త్ సర్టిఫికెట్ చూపించి, ఆధార్‌ని దాని ప్రకారం మార్పించాను. లైనులో నా ముందున్నావిడ, "ఏటే అమ్మీ, చదువుకున్నదానివి నీకూ ఇదే బాధా?" అంది. సెంటర్ వాళ్ళు సరిచేశారు గానీ, ఆ సవరణ సిస్టమ్‌లో కనబడే దాకా ఫారం పక్కన పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది.

ఇక గ్రేడింగ్. ఇది నాకు నచ్చిన భాగం కాబట్టి కొంచెం విపులంగా చెప్తాను. మొత్తం 100లో 25 అసైన్‌మెంట్లకి, 75 చివరి పరీక్షకి. వారానికో అసైన్‌మెంట్ ఉంటుంది, గడువు దాటితే పోర్టల్ తీసుకోదు. బతిమాలడానికి అవతల మనిషే ఉండడు. అయితే 12 అసైన్‌మెంట్లలో మంచివి 8 మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. 8 వారాల కోర్సయితే 6, 4 వారాలదయితే 3. అంటే నాలుగు వారాలు చేయకపోయినా, చెడగొట్టినా నష్టం లేదు. మహేంద్రతనయ పొంగే రోజుల్లో మా వీధిలో కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, సిగ్నల్ అయితే సగం సమయం నది అవతల పాతపట్నం టవర్‌దే. ఈ ఎనిమిదింటి రూల్ ఎవరు రాశారో గానీ, మా లాంటి ఊళ్ళు వాళ్ళకి తెలుసనిపించింది. అలాగని మొదటి నాలుగూ వదిలేయకండి. అక్టోబరు వానలకి మిగుల్చుకోండి. మా ఫ్రెండ్ ఒకమ్మాయి బద్ధకంతో మొదట్లోనే వదిలేసింది, చివర్లో తుఫాను వచ్చింది.

మెత్తగా లేని రూల్ కూడా ఉంది. మొత్తం 40 వస్తే పాస్ అనుకుంటారు అందరూ. కాదు. అసైన్‌మెంట్లలో 25కి కనీసం 10, పరీక్షలో 75కి కనీసం 30 రావాలి, రెండూ విడివిడిగా. మా క్లాసులో ఒకబ్బాయికి అసైన్‌మెంట్లలో 24 వచ్చాయి. పరీక్షలో వందకి 36, అంటే 75కి 27. కలిపితే 51. సర్టిఫికెట్ రాలేదు. నాకొచ్చిన మార్కులు చూడండి: మంచి ఎనిమిది అసైన్‌మెంట్ల సగటు 80, అంటే 25కి 20. పరీక్షలో 64, అంటే 75కి 48. మొత్తం 68. 40 నుంచి 59 దాకా మామూలు సర్టిఫికెట్, 60 నుంచి 74 దాకా ఎలీట్, 75 నుంచి 89 దాకా ఎలీట్ సిల్వర్, 90 ఆపైన ఎలీట్ గోల్డ్. నాది ఎలీట్. ఆ మాటకి నాన్న కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ సర్టిఫికెట్ ఫోన్‌లో చూపించాడు. ఎలీట్ అంటే ఏమిటని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అసైన్‌మెంట్ మార్కులు చూసి పరీక్ష అంచనా వేయకూడదు. అసైన్‌మెంట్ దగ్గర పాఠం మళ్ళీ చూడొచ్చు, అన్నయ్యని అడగొచ్చు, అవతల వాట్సాప్ గ్రూపుల్లో జవాబులు తిరుగుతూనే ఉంటాయి. ఆ గ్రూపుల జోలికి వెళ్ళొద్దని నీతి చెప్పను గానీ, 75 మార్కుల పరీక్ష సెంటర్‌లో కంప్యూటర్ ముందు, ఇన్విజిలేటర్ ఎదుట. నాన్న ప్రశ్నకి అసలు జవాబు అదే.

పరీక్ష ఊరు విశాఖపట్నం పెట్టుకున్నాను. పెద్దమ్మ వాళ్ళ ఇల్లు అక్కడే కాబట్టి. పరీక్షలు శని, ఆదివారాల్లో ఉంటాయి, ఉదయం 9 నుంచి 12 దాకా ఒక పూట, మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా ఒక పూట. నాకు ఉదయం పూట వచ్చింది. ముందు రోజే గుణుపురం ప్యాసింజర్ ఎక్కి నౌపడ మీదుగా వెళ్ళాం. ఈ లైను 2011 దాకా పూర్తిగా బ్రాడ్‌గేజ్ కాలేదు, మా తాతయ్య కాలంలో చిన్న బండి. ఆయన ఉంటే, చదివింది ఇంట్లో, పరీక్ష వైజాగ్‌లో, మార్కులు ఒడిశాలోనా అని నవ్వేవాడు. హాల్ టికెట్, ఒరిజినల్ గుర్తింపు కార్డు తప్పనిసరి, జెరాక్సుకి ఒప్పుకోరు. మా హాల్లో ఒకతను ఫోన్‌లో ఆధార్ చూపించి బయటే ఉండిపోయాడు.

అంతా అయిపోయిందనుకున్నాను. పరీక్ష అక్టోబరులో. ఫలితాలు వచ్చి సర్టిఫికెట్ దిగేసరికి మా కాలేజీ సెమిస్టర్ మార్కులు ఆఫీసులో ఎక్కించేశారు. ప్రొవిజనల్ మార్క్‌షీట్ చేతికొస్తే, మల్టీడిసిప్లినరీ పేపర్ ఎదురుగా "ఏబీ". ఆబ్సెంట్. కాలేజీ హాల్లో ఆ పేపర్ పరీక్షకి నేను కూర్చోలేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసింది. సెమిస్టర్ మొత్తం 20 క్రెడిట్లు అనుకుని లెక్క వేయండి. మా దగ్గర 60 నుంచి 69 దాకా బీ ప్లస్, అంటే 7 పాయింట్లు. 3 క్రెడిట్లకి 21 పాయింట్లు పోతే ఎస్‌జీపీఏ, అంటే ఆ సెమిస్టర్ సగటు పాయింట్లు, 1.05 పడిపోతుంది. స్కాలర్‌షిప్ రెన్యువల్ ముందున్న రోజుల్లో ఆ 1.05 చూసి రాత్రి నిద్ర పట్టలేదు.

ముద్ర వేసిన అర్జీ కాపీ, సర్టిఫికెట్ ప్రింటు పట్టుకుని పరీక్షల సెక్షన్‌కి వెళ్ళాను. గుమాస్తా గారు మర్యాదస్తుడే. అర్జీ చూసి, నిజమే అన్నాడు. కంప్యూటర్‌లో పేపర్ తెరిచాడు. అక్కడ రెండు గళ్ళు: ఇంటర్నల్ 20, ఎండ్‌సెమ్ 80. నా సర్టిఫికెట్ మీద 25కి 20, 75కి 48. "ఎండ్‌సెమ్‌లో 48 వేస్తాను, ఇంటర్నల్‌లో 20 వేస్తాను, సరిపోయిందిగా?" అన్నాడు. మొత్తం 68 సరిగ్గానే వస్తుంది. చూడ్డానికి బాగుంది. కానీ ఇంటర్నల్‌లో నాకు 20కి 20 పడుతుంది, ఎండ్‌సెమ్‌లో 80కి 48. రెండూ అబద్ధమే. రేపు ఎవరైనా సర్టిఫికెట్ పక్కన పెట్టి చూస్తే దిద్దారనుకుంటారు. రెండో దారి, 25ని 20కి, 75ని 80కి కుదించి సాగదీయడం. అప్పుడు 16, 51.2. మొత్తం 67.2. నా మార్కు 68 అని బయట ఒక సంస్థ ముద్ర వేసి ఇస్తే, దాన్ని 67.2 చేసే హక్కు ఎవరికీ లేదని నా వాదన. గ్రేడ్ మారదు కదా అన్నాడాయన. నాకు మారదు. 60 వచ్చిన వాళ్ళకి మారుతుంది. ఎవరికైనా అసైన్‌మెంట్లలో 25, పరీక్షలో 35 వచ్చాయనుకోండి. 60 మార్కులు, బీ ప్లస్. ఆయన లెక్కలో 57.3, బీ.

"కాలి ఆసంతు," అన్నాడు. రేపు రమ్మని. చాలా రేపులు గడిచాయి.

స్వయంలో అన్ని కోర్సులకీ 25, 75 కూడా కాదు. స్వయంలోనే సీఈసీ అనే ఇంకో సంస్థ వాళ్ళు నడిపే కోర్సుల్లో 30, 70. రేపు ఇంకొకరు అది పట్టుకొస్తే మళ్ళీ గళ్ళు సరిపోవు. అందుకని ఈసారి స్వయం సంగతి చెప్పిన మేడమ్‌ని వెంటపెట్టుకుని నేరుగా ప్రిన్సిపాల్‌గారి గదికి వెళ్ళాం. ఆవిడ గొడవ పడలేదు. ఒకే మాట అడిగింది: "సార్, ఆన్‌లైన్ పేపర్‌కి ఒకే గడి పెట్టి, వందకి మొత్తం మార్కు వేస్తే ఏమవుతుంది?" ఆయన కాసేపు ఆలోచించి, సాఫ్ట్‌వేర్ అబ్బాయిని పిలిపించారు. ప్రాక్టికల్ పేపర్లకి అలాంటి ఒకే గడి ఇంతకు ముందు నుంచే ఉందని ఆ అబ్బాయి చెప్పాడు. అంతే. నా పేపర్‌ని ఆ రకంలోకి మార్చి, 68 వేసి, పక్కన కోర్సు కోడ్ రాశారు. సవరించిన మార్క్‌షీట్ స్కాలర్‌షిప్ గడువు లోపలే వచ్చింది. కొన్నాళ్ళకి ఏబీసీ ఖాతాలోనూ 3 క్రెడిట్లు కనబడ్డాయి. అవి ఏడేళ్ళ వరకు చెల్లుతాయి కాబట్టి మధ్యలో చదువు ఆపినా పోవు.

గుణుపురంలో మా పిన్ని ఇగ్నోలో ఎంఏ చేస్తోంది. ఆవిడది పూర్తి డిగ్రీ, నాది ఒక్క పేపర్, కాబట్టి రూల్స్ వేరు. ఆవిడకి అసైన్‌మెంట్లు 30 శాతం, టర్మ్ ఎండ్ పరీక్ష 70 శాతం. దూరవిద్యలో గానీ ఆన్‌లైన్ డిగ్రీలో గానీ చేరాలంటే 2024 నుంచి డీఈబీ (యూజీసీలో దూరవిద్య చూసే విభాగం) ఐడీ కూడా తప్పనిసరి, దానికి మళ్ళీ ఏబీసీ ఐడీ కావాలి. పేరు గొడవ ఆవిడకీ వచ్చింది, పెళ్ళయ్యాక ఇంటిపేరు మారింది కాబట్టి ఇంకొంచెం ఎక్కువగా. బజారులో "ఆన్‌లైన్ డిగ్రీ, ఆరు నెలల్లో" అని బోర్డు పెట్టిన వాళ్ళ దగ్గర డబ్బు కట్టే ముందు, ఆ యూనివర్సిటీకి ఆ ప్రోగ్రామ్ నడిపే అనుమతి ఉందో లేదో యూజీసీ డీఈబీ సైట్‌లో చూసుకోమని ఆవిడ అందరికీ చెప్తూ ఉంటుంది. ఆరు నెలల డిగ్రీ అనేది లేదని కూడా.

జనవరి సెషన్‌కి మా జూనియర్లు కొందరు పేర్లు ఇచ్చారు. కాలేజీ ఈసారి ఒప్పుకునే కోర్సుల జాబితా డిసెంబరులోనే పెట్టింది, ఇంగ్లిషులో, ఒడియాలో. అర్జీ నమూనా నాదే జెరాక్సు తీసి పంచుతున్నారట, అందులో నా పేరు కొట్టేశారో లేదో తెలీదు.